చించిల్లాకి దాక్కునే గూడు, నిద్రపోయే చోటు: తరచుగా అడిగే ప్రశ్నలు

మిషిగన్‌లో మా ఇంట్లో రెండు చించిల్లాలు ఉన్నాయి. ఒత్తైన బొచ్చుతో, ఎలుకలా కొరికే జాతికి చెందిన చిన్న ప్రాణి ఇది. అక్కచెల్లెళ్లు. లేత గోధుమరంగుది జున్ను, బూడిదరంగుది గసాల. ఆరేళ్లుగా వాటితో కలిసి బతుకుతున్నాం. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఎవరింటికైనా కొత్తగా చించిల్లా వస్తే వారం తిరక్కుండా మాకు ఫోన్ వస్తుంది. తిండి గురించి అడిగేవాళ్లు తక్కువ. "అండీ, ఎప్పుడు చూసినా ఓ మూల నక్కి కూర్చుంటోంది, మా అబ్బాయి ఏడుస్తున్నాడు, ఏం చేయమంటారు?" అనేదే ఎక్కువ. వాళ్లకి విడివిడిగా చెబుతూ వచ్చినవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

కేజ్ పెద్దదే కొన్నాం. మళ్లీ లోపల గూడు ఎందుకు?

కేజ్ ఎంత పెద్దదైనా నాలుగు వైపులా కనబడే చోటే. చించిల్లాకి కావాల్సింది ఎవరికీ కనబడని చోటు.

దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. పొడుగు తోకది, పొట్టి తోకది అని రెండు జాతులు. బొచ్చు కోసం వేటాడి వేటాడి రెండింటినీ అంతరించిపోయే స్థితికి తెచ్చారు. చిలీలో ఇయాపెల్ అనే ఊరి దగ్గర 1983లో పొడుగు తోకవాటి కోసమే ఒక అభయారణ్యం ఏర్పాటైంది. దాని పేరే లాస్ చించిల్లాస్. అడవి అన్నారు కదా అని పచ్చదనం ఊహించుకోవద్దు. ఎండిపోయిన కొండవాలు, బండలు, ముళ్ల పొదలు. పగలంతా రాళ్ల సందుల్లో, బొరియల్లో, ప్యూయా అనే ముళ్ల ఆకుల మొక్కల అడుగున గుంపుగా ఒదిగి పడుకుని, పొద్దుగూకాక మేతకి బయటికొస్తాయి. పైనుంచి గుడ్లగూబ, కిందనుంచి కొండనక్క. అరకిలో బరువుండే ఈ ప్రాణికి కొమ్ముల్లేవు, కోరల్లేవు. దూకడం, సందులో దూరిపోవడం, ఈ రెండే దానికి తెలిసిన ఆత్మరక్షణ.

మనం పెంచుకునేవాటిలో చాలా భాగం, మాథియస్ చాప్మన్ అనే అమెరికన్ మైనింగ్ ఇంజనీరు 1923లో కాలిఫోర్నియాకి తెచ్చిన 11 చించిల్లాల సంతతే. కుక్క వేల ఏళ్లుగా మనిషి పంచన ఉంది. చించిల్లా వచ్చి నిండా వందేళ్లు. ఈ వందేళ్లలో అది రాతిసందుని మరిచిపోలేదు. గోడమీద ఫ్యాన్ నీడ కదిలితే గసాల ఇప్పటికీ ఉలిక్కిపడి గూట్లోకి దూకుతుంది.

జున్ను వచ్చిన మొదటి రాత్రి నాకు బాగా గుర్తు. గూడు కొనాలని అప్పటికి మాకు తెలియదు. అది గడ్డి పెట్టే తొట్టి వెనక ఇరుక్కుని, మొహం మూలకి ఆనించి, వీపు మాకు పెట్టి కూర్చుంది. చెవులు వెనక్కి వాల్చేసింది. మీసాలు మాత్రం ఆగకుండా వణుకుతున్నాయి. గడ్డి ముట్టలేదు, నీళ్లు ముట్టలేదు. అర్ధరాత్రి దాటాక మా అమ్మాయి ఒక అట్టపెట్టెకి కన్నం కోసి లోపల పెట్టింది. రెండు నిమిషాల్లో జున్ను అందులోకి దూరింది. ఇంకో పది నిమిషాలకి చీకట్లో కరకరమని గడ్డి నమిలే చప్పుడు. ఆ చప్పుడు వినేదాకా మేం కదల్లేదు.

మార్కెట్లో ప్లాస్టిక్ ఇగ్లూలు (గుండ్రటి గూళ్లు) రంగురంగులవి దొరుకుతున్నాయి. అవి పెట్టొచ్చా?

వద్దు. ఈ ఒక్క విషయంలో నేను మొండిగానే ఉంటాను.

చించిల్లా పళ్లు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి. అందుకే అది దొరికిందల్లా కొరుకుతుంది. తన ఇంటిని కూడా. గూడు కొనేటప్పుడు "ఇందులో పడుకుంటుందా?" అనే కాదు, "దీన్ని తినేస్తే ఏమవుతుంది?" అని కూడా ఆలోచించాలి. చెక్క అయితే నమిలినా నష్టం లేదు. ప్లాస్టిక్ అరగదు, ముక్కలు పేగుకి అడ్డం పడతాయి. చించిల్లా వాంతి చేసుకోలేదు, కాబట్టి మింగింది వెనక్కి వచ్చే దారి లేదు.

అట్టపెట్టె తర్వాత మేం కొన్నది ప్లాస్టిక్ ఇగ్లూనే. దుకాణంలో అడిగితే, చిన్న జంతువులన్నిటికీ బాగుంటుందన్నారు. మూడు వారాలకి దాని గుమ్మం అంచు రంపంతో కోసినట్టు అయింది. ముక్కలు కింద పడ్డాయేమోనని వెతికితే కొన్నే దొరికాయి. రెండు రోజుల్లో జున్ను పెంటికలు చిన్నవై, ఎండిపోయి, తర్వాత దాదాపు ఆగిపోయాయి. ఇలాంటి అరుదైన పెంపుడు జంతువులు చూసే వెట్ (పశువైద్యుడి) దగ్గరికి పరుగెత్తాం. మందులు, నాలుగు గంటలకోసారి సిరంజితో గడ్డిపొడి జావ. ఐదో రోజుకి మళ్లీ పెంటికలు మామూలుగా పడ్డాయి. బతికింది. ఇగ్లూ ఆ రోజే చెత్తబుట్టలో పడింది. మీకు ఆ ఐదు రోజుల టెన్షన్ వద్దు.

మరి దేనితో చేసినది కొనాలి?

చెక్కది మొదటి మాట. రంగు, వార్నిష్, పాలిష్ ఏదీ ఉండకూడదు. బట్టీలో ఆరబెట్టిన పైన్ చవక, తేలిగ్గా దొరుకుతుంది. ఆరబెట్టడంలో అందులోని జిగురు, ఘాటు చాలావరకు పోతాయి. అమెరికాలో పలకల మీద కె.డి. అనే ముద్ర ఉంటుంది చూడండి, అదే గుర్తు. ఆస్పెన్, పాప్లర్ కూడా మంచివే. యాపిల్, పియర్, విల్లో కొమ్మలు కొరుక్కోవడానికి ఇవ్వొచ్చు, మందు కొట్టని చెట్టువి అయితే.

వద్దనేవి గుర్తు పెట్టుకోండి. సెడార్, రెడ్‌వుడ్ వద్దు. సెడార్ వాసన మనకి బాగుంటుంది గానీ, ఆ వాసనే దీని ఊపిరితిత్తులకి చెరుపు. చెర్రీ, ప్లమ్, పీచ్, ఆప్రికాట్ లాంటి, లోపల గట్టి టెంక ఉండే పళ్ల చెట్ల కలప వద్దు. ప్లైవుడ్, పొట్టు నొక్కి చేసిన బోర్డులు వద్దు, వాటిలో జిగురు ఉంటుంది. చెదలు పట్టకుండా మందు పట్టించిన కలప అసలు వద్దు. అది కొంచెం ఆకుపచ్చగా కనబడుతుంది. పెరట్లో కంచె కట్టగా మిగిలిందని వాడేవాళ్లని చూశాను.

మట్టితో చేసిన గూడు కూడా బాగా పనికొస్తుంది. మెరుగు పూయని, రంగు వేయని మట్టికుండీని అడ్డంగా పడుకోబెట్టి, దొర్లకుండా రెండు పక్కలా చెక్కముక్కలు ఆనించాలి. చల్లగా ఉంటుంది, కొరికినా తరగదు. అంచు పగిలి పదునెక్కితే మాత్రం తీసేయండి.

ఇంట్లోనే చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, పెద్ద వడ్రంగం తెలియక్కర్లేదు. రెండు పక్కలు, ఒక వెనక, గుమ్మం కోసిన ఒక ముందు, ఒక పైకప్పు. అడుగు పలక లేకపోతేనే మంచిది, తీసి శుభ్రం చేయడం తేలిక. మేకులు వద్దు, చెక్క కొరికేకొద్దీ బయటికి పొడుచుకొస్తాయి. స్క్రూలు వాడి, తలలు చెక్కలోకి దిగేలా బిగించండి. కలపలో ముడులుంటే, జిగురు కారుతున్న చోటుంటే ఆ ముక్క పక్కన పెట్టేయండి. కోసిన అంచులన్నీ గరుకుకాగితంతో రుద్దాలి. పైకప్పు చదునుగానే ఉంచండి. ఏటవాలు కప్పు చూడ్డానికి బొమ్మరిల్లులా ఉంటుంది గానీ, చించిల్లా పగలు లోపల పడుకున్నట్టే రాత్రి దాని మీదెక్కి కూర్చుంటుంది.

ఎంత సైజు ఉండాలి?

మేం చేసినది లోపల 40 సెం.మీ. పొడవు, 25 వెడల్పు, 20 ఎత్తు. రెండూ ఒకదాని మీద ఒకటి ఆనుకుని పడుకుంటాయి. ఒక్కటే ఉంటే 30 పొడవు, 20 వెడల్పు చాలు. గుమ్మం 12, 13 సెం.మీ. ఉండాలి. చూడ్డానికి బంతిలా ఉన్నా అందులో చాలా భాగం బొచ్చే. ఒక్కో కుదురు నుంచి 50కి పైగా వెంట్రుకలు వస్తాయి. కానీ కడుపుతో ఉన్నదో, ఒళ్లు చేసినదో ఇరుక్కోకూడదు కదా. కుందేళ్లకి చేసే పెద్ద ఇళ్లు కొనవద్దు. మూడు పక్కలా ఒంటికి తగిలేంత ఒద్దికగా ఉంటేనే దానికి ధీమా.

రెండు చించిల్లాలు ఉన్నాయి. ఒక గూడు సరిపోదా? కలిసే పడుకుంటున్నాయి.

కలిసి పడుకున్నంత కాలం సరిపోయినట్టే ఉంటుంది. ఏదో ఒక రోజు కోపతాపాలు వస్తాయి. ఆ రోజు కోసం రెండోది ఉండాలి. మా లెక్క తలకొకటి, పైన ఒకటి ఎక్కువ.

అంతకన్నా ముఖ్యమైనది గుమ్మాల సంగతి. జంటకి పెట్టే గూటికి రెండు దారులు ఉండి తీరాలి. ఒకటే గుమ్మం ఉంటే, పెత్తనం చేసేది ఆ గుమ్మంలో కూర్చుంటుంది. లోపలున్నదానికి పారిపోయే దారి ఉండదు. చించిల్లాల పోట్లాటలో గాయాలు చెవులకి, ముక్కుకి అవుతాయి, పెద్దవే అవుతాయి. ఉదయం గూడు ముందు బొచ్చు కుచ్చులు కుచ్చులుగా కనబడినా, రాత్రి కుక్కపిల్ల మొరిగినట్టు పొట్టి అరుపులు పదేపదే వినబడినా ఒకసారి ఆగి చూడండి. కొత్తగా కలుపుతున్న జంటకైతే మొదటి రోజుల్లో ఒకటే గుమ్మమున్న గూడు అసలు పెట్టొద్దు.

మా ఇంట్లో జున్నుదే పెద్దరికం. గసాల చిన్నప్పుడు రెండో గుమ్మంలోంచి తుర్రుమని జారుకుని పై అరలో ఉన్న మట్టికుండీలోకి వెళ్లిపోయేది. పావుగంట అయ్యాక జున్నే వెతుక్కుంటూ వెళ్లి దాని పక్కన దూరేది.

గూడు కేజ్‌లో ఎక్కడ పెట్టాలి? కేజ్ ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

ఒకటి అడుగున, ఒకటి మధ్య అరలోనో పైనో పెట్టి, ఏది ఎంచుకుంటుందో చూడండి. చాలావాటికి ఎత్తే ఇష్టం. పైనున్నది గట్టిగా బిగించి ఉండాలి. పరుగులో వచ్చి దాని మీద దూకుతాయి, కదిలితే గూటితో సహా కింద పడతాయి. గుమ్మం గోడవైపుకో పక్కకో తిప్పండి, గది మధ్యకి కాదు. మనకి కనబడాలని ముందుకి తిప్పుతాం, దానికి కావాల్సింది దానికి వ్యతిరేకం.

కేజ్‌కి వెనకా, ఒక పక్కా గోడ ఉండాలి. కిటికీ ఎండ, వంటగది పోపు ఘాటు, టీవీ స్పీకరు, హీటరు గాలి, వీటికి దూరంగా. అగరొత్తులు, సెంటు కొవ్వొత్తులు ఆ గదిలో వెలిగించకండి. మేం పూజ గది పక్కనే పెట్టి, వారంలోనే మార్చాం.

లోపల మెత్తగా బట్ట వేయాలా? ఊయల కడితే?

వేయకపోయినా పర్వాలేదు. రాయి మీద పడుకునే జాతి అది. వేయాలనుకుంటే ఫ్లీస్ అనే మెత్తటి పాలియెస్టర్ బట్ట ఒక్కటే వేయండి. తువ్వాలు, ఉన్ని, నూలు చీరముక్క, ఏదీ వద్దు. పాత చీర మెత్తగా ఉంటుందని, పిల్లలకి పక్కవేసినట్టు మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు ఎంతో ప్రేమగా మడతపెట్టి వేసింది. రెండో రోజు గసాల కుడి వెనక కాలు ఈడుస్తూ బయటికొచ్చింది. పట్టుకుని చూస్తే వేలి చుట్టూ ఒక్క దారప్పోగు, మూడు చుట్లు. వేలు ఉబ్బి కందిపోయింది. నేను పట్టుకుంటే మా అమ్మాయి చిన్న కత్తెర మొనతో కోసింది. ఇంకో పూట చూడకపోతే ఆ వేలు పోయేది. అమ్మ ఆ రాత్రంతా కేజ్ దగ్గరే కూర్చుంది.

ఫ్లీస్‌కి పోగులు రావు. అయినా కుట్టు దారం లోపలివైపు ఉండేలా కుట్టండి, రోజూ ఒకసారి చేత్తో తడిమి చూడండి. బట్టని నమిలి మింగే అలవాటు ఉన్న చించిల్లాకి ఫ్లీస్ కూడా వద్దు, ఖాళీ చెక్క చాలు. ఊయల కూడా ఫ్లీస్‌దే, గొలుసు కొక్కాలతో, కాలివేలు ఇరుక్కోనంత చిన్న లంకెలతో ఉండాలి. ఊయల గూటికి బదులు కాదు, గూటితో పాటు.

గూట్లో గడ్డి పెట్టొచ్చా?

పెట్టొచ్చు. శుభ్రమైన తిమోతి గడ్డి ఒక గుప్పెడు. పడుకునే చోటే మేత ఉందని దానికి సంతోషం. తడిసింది రోజూ తీసేయండి, బూజు పడితే ప్రమాదం.

అట్టపెట్టె వాడొచ్చా?

రెండు రోజులకి పర్వాలేదు. అచ్చు, టేపు, పిన్నులు లేనిదై ఉండాలి. నమిలి ఉమ్మేసేదానికి సరే. మింగుతోందని అనుమానమొస్తే వెంటనే తీసేయండి.

దుమ్ము స్నానం చేసే డబ్బాలోనే నిద్రపోతోంది. దాన్నే గూడుగా వదిలేయొచ్చా?

వద్దు. చించిల్లా నీళ్లతో కాదు, మెత్తటి దుమ్ములో దొర్లి ఒళ్లు శుభ్రం చేసుకుంటుంది. ఆ స్నానం వారానికి రెండు మూడుసార్లు, పది పదిహేను నిమిషాలు. తర్వాత డబ్బా బయటికి తీసేయాలి. రోజంతా ఆ దుమ్ములో ఉంటే చర్మం ఎండిపోతుంది, కళ్లకీ ఊపిరికీ ఇబ్బంది. అయినా అందులోనే పడుకుంటోందంటే మీరు పెట్టిన గూడు దానికి నచ్చలేదని అర్థం. గుమ్మం దిక్కు మార్చి చూడండి.

ఎప్పుడూ లోపలే ఉంటోంది. మేమంటే ఇష్టం లేదా?

కొత్తగా వచ్చి రెండు మూడు వారాలు కూడా కాకపోతే, అది మామూలే. పగలంతా నిద్రపోవడం కూడా మామూలే. సాయంత్రం చీకటి పడ్డాక గది దీపం తగ్గించి, కేజ్ పక్కన నేలమీద కూర్చుని మీ పని మీరు చేసుకోండి. మేం మిక్చర్ తింటూ పుస్తకాలు చదువుకునేవాళ్లం. నాలుగో రోజుకి గుమ్మంలోంచి ముక్కు, మీసాలు. వారానికి ముందుకాళ్లు. పదకొండో రోజు జున్ను నా వేలిని పళ్లతో మెల్లగా నొక్కి చూసింది. కొరకడం కాదు, ఇదేమిటని అడగడం.

"గూడు తీసేస్తే బయట ఉండక ఏం చేస్తుంది, త్వరగా అలవాటవుతుంది" అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. దయచేసి వినకండి. దాక్కునే చోటు లేని ప్రాణి మచ్చిక కాదు, భయంతో బిగుసుకుపోతుంది. తన బొచ్చు తానే కొరుక్కోవడం, చువ్వలు కొరకడం మొదలుపెడుతుంది. వెనక్కి పరుగెత్తడానికి చోటుందని నమ్మకం కుదిరాకే ముందుకొస్తుంది.

ఇందులో జాగ్రత్తపడాల్సిన సంగతి ఒకటుంది. జబ్బు చేసిన చించిల్లా కూడా దాక్కుంటుంది, జబ్బుని కూడా దాస్తుంది. ఇన్నాళ్లూ సాయంత్రం ఏడింటికి బయటికొచ్చేది ఈ రోజు రాలేదా? ఇష్టమైన మేత గుళికలు గుమ్మం ముందు పెట్టినా ముక్కు కదపలేదా? పెంటికలు తగ్గాయా? గడ్డం కింద తడిగా ఉందా? చొంగ కారితే సాధారణంగా దంతాల సమస్య. పన్నెండు గంటలు ఏమీ తినలేదంటే రేపు చూద్దాం అనుకోకండి, వెట్‌కి ఫోన్ చేయండి. మా ఇంట్లో వంటగది బరువు తూచే యంత్రం మీద వారానికోసారి ఇద్దరినీ తూచి క్యాలెండర్ మీద రాస్తాం. ఎంత దాచినా బరువు దగ్గర దొరికిపోతుంది.

గూట్లో ఉన్నప్పుడు చేయి పెట్టి తీయొచ్చా?

ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప తీయకండి. పైనుంచి దిగే చేయి దానికి గుడ్లగూబ కాళ్లలాగే ఉంటుంది. భయపడి గింజుకుంటే పట్టుకున్న చోట బొచ్చు మొత్తం కుచ్చుగా మీ చేతిలోకి ఊడి వస్తుంది. శత్రువు నోట్లో బొచ్చు వదిలి తప్పించుకోవడానికి ప్రకృతి ఇచ్చిన ఉపాయం అది. నొప్పి ఉండకపోవచ్చు, కానీ మళ్లీ నిండుగా రావడానికి నెలలు పడుతుంది. మీమీద నమ్మకం రావడానికి ఇంకా ఎక్కువ పడుతుంది.

బయటికి తేవాలంటే గుమ్మం ముందు అరచేయి తెరిచి పెట్టి ఆగండి. లేదా అడుగు లేని గూడైతే మెల్లగా పైకెత్తి, రెండు చేతులతో కిందనుంచి, వెనక కాళ్లకి ఆసరా ఇస్తూ ఎత్తుకోండి. ఇంటికొచ్చిన చిన్నపిల్లలకి మేం చెప్పే నియమం ఒకటే. అది బయట ఉంటే పలకరించు, లోపల ఉంటే వదిలేయ్.

పక్కకి ఒరిగిపోయి, కళ్లు సగం తెరిచి పడి ఉంది. ఏమైంది?

ఈ ప్రశ్న రాత్రి పదకొండింటికి వస్తుంది, అడిగేవాళ్ల గొంతు వణుకుతూ ఉంటుంది. చాలాసార్లు అది గాఢ నిద్ర. ఇంట్లో ధీమా కుదిరిన చించిల్లా పక్కకి వాలి, కాళ్లు చాపి, కనురెప్పలు పూర్తిగా మూయకుండా పడుకుంటుంది. తట్టి లేపకండి. డొక్క చూడండి, చిన్నగా నిలకడగా ఎగసిపడుతుంటే నిద్రే. మెల్లగా పేరు పెట్టి పిలిస్తే చెవి కదులుతుంది.

గది వేడిగా ఉండి, చెవులు ఎర్రబారి, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తూ, చొంగ కారుస్తూ పడి ఉంటే మాత్రం అది వడదెబ్బ. వెంటనే చల్లటి గదిలోకి, చల్లటి టైల్ మీదికి మార్చి వెట్‌కి ఫోన్ చేయండి. ఐసు నీళ్లలో ముంచకండి.

వేసవిలో గూడు లోపల ఉక్కగా ఉండదా? ఇండియాలో పెంచితే?

ఉంటుంది. చించిల్లాకి చెమట పట్టదు, ఒంటినిండా దుప్పటి లాంటి బొచ్చు. గది 16 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే హాయి. 25 దాటితే ప్రమాదం మొదలైనట్టే. గాలిలో తేమ 50 శాతం లోపు ఉండాలి. కేజ్ ఎత్తులోనే ఒక థర్మామీటర్ తగిలించండి, హాల్లో గోడమీదున్నది నమ్మకండి. గూటికి వెనక పైభాగంలో రెండు మూడు గాలి కన్నాలు పెట్టండి. పక్కనే ఒక గ్రానైట్ పలకో మార్బుల్ టైలో ఉంచండి. రెండు పలకలుంటే ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి మార్చుకోవచ్చు. ఎండాకాలంలో గూడు వదిలి పలక మీద బోర్లా పడుకుందంటే గది వేడెక్కిందని అది మీకు చెబుతున్నట్టు.

ఇక ఇండియా సంగతి. మే నెలలో రామగుండం, రెంటచింతల మాట అటుంచండి, హైదరాబాద్‌లోనే 40 దాటుతుంది. విజయవాడలో దానికి ఉక్కపోత తోడు. ఏసీ రాత్రింబవళ్లు నడవాలి, కరెంటు పోతే వెంటనే అందుకునే ఏర్పాటు ఉండాలి, చించిల్లాని చూడగలిగిన వెట్ ఊళ్లో ఉండాలి. ఈ మూడూ కచ్చితంగా లేకపోతే తెచ్చుకోవద్దని నా మనవి. విదేశీ జంతువుల రిజిస్ట్రేషన్‌కి నిబంధనలున్నాయి, కొనకముందే అటవీ శాఖలో కనుక్కోండి.

గూట్లోనే మూత్రం పోస్తోంది. వాసన. ఏం చేయాలి?

చాలావరకు ఒకే మూల పోస్తుంది. ఆ మూలలో తడిసిన గడ్డి కొంచెం తీసి ఒక చిన్న లోహపు ట్రేలో వేసి, ట్రేని గూటికి కాస్త దూరంగా పెట్టండి. కొన్ని నేర్చుకుంటాయి. పెంటికలు మాత్రం ఎక్కడపడితే అక్కడే, వాటికి నేర్పలేం.

చెక్కని సబ్బుతో కడగొద్దు, పీల్చుకుంటుంది. తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి తుడిచి, మళ్లీ మంచినీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి. చలికాలంలో ఇక్కడ రెండు రోజులు పడుతుంది, అందుకే అదనపు గూడు. చెమ్మతో పెడితే బొచ్చు తడిసి చర్మానికి ఫంగస్ పట్టే ప్రమాదం ఉంది. రెండు గూళ్లూ ఒకే రోజు కడగకండి, దాని వాసన ఒకదాంట్లోనైనా మిగలాలి.

పిల్లల్ని పెట్టబోతోంది. గూడు మార్చాలా?

కింది అరకి దించండి. కడుపు 111 రోజులు. పిల్లలు కళ్లు తెరుచుకుని, ఒంటినిండా బొచ్చుతో పుడతాయి, గంటల్లోనే గెంతడం మొదలుపెడతాయి, అందుకే ఎత్తు ప్రమాదం. చువ్వల సందులోంచి జారిపోకుండా చూసుకోండి. తల్లితో పాటు అన్నీ పట్టేలా గూడు ఉండాలి. మగదాన్ని కాన్పుకి ముందే వేరే కేజ్‌లోకి మార్చండి, లేకపోతే కన్న రోజే మళ్లీ కడుపొస్తుంది.

వెట్ దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు?

అది పడుకునే ఫ్లీస్ ముక్కని ఉతక్కుండా అలాగే క్యారియర్‌లో వేయండి. పైన పల్చటి బట్ట కప్పండి, గాలి ఆడాలి. కారు ముందే చల్లబరచండి. ఇంటికి రాగానే ఎత్తుకుని ముద్దు చేయకుండా నేరుగా గూటి ముందు దింపండి.

కొరికి కొరికి గూడు సగమైంది. ఎప్పుడు మార్చాలి?

స్క్రూ తల బయటపడినా, చెక్క పేడులుగా లేచినా, గోడ ఊగుతున్నా, వాసన తుడిచినా పోకపోయినా మార్చాలి. మా గూళ్లు ఏడాదిన్నర, రెండేళ్లు వస్తున్నాయి. పాతది ఒక్కసారిగా లాగేయకండి. కొత్తది పక్కన పెట్టి వారం పది రోజులు రెండూ ఉంచండి. పాత గూటి కప్పులోంచి ఒక ముక్క కోసి కొత్తదాంట్లో వేయండి. పోయిన నెల మేం అలాగే చేశాం. జున్ను ఆ ముక్కని నోట కరుచుకుని మూడుసార్లు పాత గూట్లోకి తీసుకెళ్లిపోయింది. నాలుగో రాత్రి అక్కడే వదిలేసి, దాన్ని ఆనుకుని పడుకుంది.